సామూహిక సైకిల్ యాత్రలు: చట్టధిక్కారమా, హక్కా?

ప్రతి నెలా చివరి శుక్రవారం సాయంత్రం నగర వీధుల్లో సైకిళ్లు గుంపుగా సాగే క్రిటికల్ మాస్ అనే ఆనవాయితీ 1992 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. దీనికి నాయకుడు లేడు, కార్యాలయం లేదు, ముందుగా ఖరారు చేసిన దారి కూడా సాధారణంగా ఉండదు. ముందున్నవాళ్లు ఎటు తిరిగితే మిగతావాళ్లూ అటే. కార్ల కోసమే పుట్టినట్టు తయారైన రోడ్ల మీద సైకిలుకూ చోటుందని చూపడమే ఇందులోని నిరసన. ట్రాఫిక్‌కు అడ్డుపడుతున్నారని ఎవరైనా అంటే, తామూ ట్రాఫికేనని వీళ్లు జవాబిస్తారు. ఈ జవాబు నుంచే ఒక నైతిక ప్రశ్న పుడుతుంది. పోలీసులు ఆపినప్పుడు వీళ్లు ఎలా నిలబడాలి? చట్టాన్ని తెలిసి మీరినవాళ్లుగానా, ఏ చట్టాన్నీ మీరని పౌరులుగానా?

మొదటి పద్ధతికి గట్టి పరంపర ఉంది. బానిసత్వాన్నీ మెక్సికో యుద్ధాన్నీ సాగిస్తున్న ప్రభుత్వానికి పన్ను కట్టనని అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1846లో ఒక రాత్రి జైల్లో గడిపాడు. ఒంటరి మనిషి తిరస్కారంగా మొదలైన దాన్ని గాంధీ వేలమంది పాటించగల క్రమశిక్షణగా మార్చాడు. 1922లో అహ్మదాబాదు విచారణలో ఆయన నేరం ఒప్పుకుని అత్యంత కఠినమైన శిక్ష వేయమన్నాడు. 1930లో ఉప్పు చట్టాన్ని మీరబోతున్నట్టు వైస్రాయ్ ఇర్విన్‌కు ముందే ఉత్తరం రాసి బయల్దేరాడు. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఇచ్చిన నిర్వచనం కూడా దీనికి దగ్గరే. ధిక్కారం బహిరంగంగా, అహింసగా జరగాలి, ఫలితాన్ని భరించే సంసిద్ధతలో చట్టం మీద గౌరవం కనబడాలి.

న్యూయార్క్ సైక్లిస్టులు ఎక్కువగా రెండో పద్ధతినే పట్టుకున్నారు. రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభకు ముందు, 2004 ఆగస్టు 27న దాదాపు 5,000 మంది సైకిళ్లతో బయల్దేరితే పోలీసులు 250 మందికి పైగా అరెస్టు చేశారు. సైకిళ్లు లాక్కున్నారు. పట్టుకున్నవాళ్లను హడ్సన్ నది ఒడ్డున బస్సు డిపోగా వాడి వదిలేసిన పియర్ 57లో నిర్బంధించారు. తర్వాతి నెలల్లోనూ ఇదే వరస: స్కూటర్ల మీద వెంటపడటం, తాళాలు కోసి సైకిళ్లు పట్టుకుపోవడం, లైటు లేదనీ బెల్లు లేదనీ చలానాలు రాయడం. యాత్రలను ఆపించాలని నగర ప్రభుత్వం కోర్టుకెక్కినా 2006లో రాష్ట్ర న్యాయమూర్తి ఒప్పుకోలేదు. సైక్లిస్టులూ తమ కేసులతో కోర్టులకు వెళ్లారు.

శిక్షను స్వీకరించని నిరసనకు నైతిక బలం తక్కువని కొందరు వాదిస్తారు. ఇక్కడ ఆ వాదన చెల్లదు. న్యూయార్క్ రాష్ట్ర చట్టమే రోడ్డు మీద సైకిలు నడిపేవారికి మోటారు వాహనం నడిపేవారి హక్కులూ బాధ్యతలూ ఇస్తుంది. ఉన్న హక్కును వాడుకున్నందుకు నోరెత్తకుండా శిక్ష అనుభవిస్తే అది త్యాగం కాదు, చెయ్యని నేరాన్ని చేసినట్టు సాక్ష్యం చెప్పడమే. గాంధీ నేరం ఒప్పుకున్నది అది నిజం కనుక. నిజమే కొలత అయినప్పుడు నేరం కాదని గట్టిగా చెప్పడం కూడా సత్యాగ్రహమే అవుతుంది. 2008 జులైలో టైమ్స్ స్క్వేర్ దగ్గర ఒక పోలీసు అధికారి సైకిలు మీద వస్తున్న వ్యక్తిని కిందికి తోసేసి, అతడే తనను గుద్దాడని ఫిర్యాదు రాశాడు. పక్కనున్నవాళ్లు తీసిన వీడియో బయటికొచ్చాక ఆరోపణ నిలవలేదు. 2010లో జ్యూరీ ఆ అధికారిని దాడి నేరం నుంచి విడిచిపెట్టింది కానీ తప్పుడు ఫిర్యాదు విషయంలో దోషిగా తేల్చింది. దెబ్బకు దెబ్బ తీయకుండా నిజాన్ని నిలబెట్టడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

అయితే సైక్లిస్టుల వాదనలో ఒక బలహీనత ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కూడళ్లలో కొందరు అడ్డంగా నిలబడి కార్లను ఆపితే, ఎర్ర లైటు పడ్డాక కూడా గుంపు ముందుకు సాగిపోతుంది. కార్కింగ్ అనే ఈ పద్ధతి వల్ల గుంపు చీలదనీ, ప్రమాదాలు తగ్గుతాయనీ చెబుతారు. అందులో నిజముంది. కానీ అక్కడ చట్టాన్ని మీరుతున్నదీ నిజమే, ఆగిపోయిన డ్రైవరు ఏ అన్యాయమూ చేయకపోవచ్చు. ఏ తప్పూ చేయలేదన్న జవాబు ఆ కొద్ది నిమిషాలకు వర్తించదు. నాయకుడు లేకపోవడం ఇక్కడే భారమవుతుంది. 1922లో చౌరీచౌరాలో గుంపు పోలీసు స్టేషనుకు నిప్పుపెట్టినప్పుడు సహాయ నిరాకరణను ఆపమని చెప్పడానికి గాంధీ ఉన్నాడు. సైకిళ్ల గుంపులో ఒకడు కారును తన్నితే ఎవరు ఆపుతారు? పౌర ధిక్కారం ఒంటరి అంతరాత్మ పని కాదు, సమూహం పని అని 1970లో రాజకీయ తాత్వికురాలు హన్నా ఆరెంట్ వాదించింది. ఆ మాట ఒప్పుకుంటే, సమూహంలో ఉన్న ప్రతి ఒక్కరికీ పక్కవాడి కోపాన్ని చల్లార్చే బాధ్యతా ఉంటుంది.

అనుమతి సంగతి మరింత చిక్కు. దారి ఎవరికీ తెలియని యాత్రకు దారి చెప్పి అనుమతి తీసుకోవడం ఎలా? లండన్ పోలీసులు 2005లో ఆరు రోజుల ముందు తెలియజేయకపోతే యాత్ర చట్టవిరుద్ధమంటూ కాగితాలు పంచారు. 1994 నుంచి ఆనవాయితీగా సాగుతున్న యాత్రకు ఆ నోటీసు అక్కర్లేదని 2008లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. అమెరికాలో ఇదే ప్రశ్న అంతకుముందే రక్తమాంసాలతో నిలిచింది. 1963 గుడ్ ఫ్రైడే నాడు మార్టిన్ లూథర్ కింగ్ అనుమతి లేకుండా, కోర్టు నిషేధాన్ని కాదని బర్మింగ్‌హామ్‌లో నడిచి జైలుకెళ్లాడు. కోర్టు ఆజ్ఞను మీరినందుకు పడిన శిక్షను సుప్రీంకోర్టు 1967లో సమర్థించింది. అధికారుల ఇష్టానికి పగ్గాలు లేకుండా వదిలిన ఆ ఊరి అనుమతి నిబంధన రాజ్యాంగ విరుద్ధమని 1969లో అదే కోర్టు తేల్చింది.

50 సైకిళ్లు, అంతకు మించి కలిసి సాగితే ఊరేగింపు అనుమతి ఉండాలని న్యూయార్క్ పోలీసులు 2007లో నిబంధన తెచ్చారు. 2010లో ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని సమర్థించారు. అదే ఏడాది అక్రమ నిర్బంధం మీద దావా వేసిన 83 మందికి 9,65,000 డాలర్లు చెల్లించడానికి నగరం ఒప్పుకుంది. పాత అరెస్టుల విషయంలో సైక్లిస్టుల మాటకు బలం చేకూరింది కానీ, ముందున్న దారి మారింది. 49 మంది వరకు ఏ నేరమూ చేయలేదని చెప్పగలరు. యాభయ్యో సైకిలు చేరాక అనుమతి లేకుండా సాగాలనుకునేవాళ్లు ఆ మాట చెప్పలేరు. నిబంధన అన్యాయమని నమ్మితే దాన్ని తెలిసే మీరుతున్నామని బహిరంగంగా చెప్పి, వచ్చే చలానాకు పేరు ఇచ్చి నిలబడాలి.