నడిచేవారి తరఫున మాట్లాడేది ఎవరు?



మనము ఏ ఊరిలో స్థిరపడినా కొంతకాలమునకు ఆ ఊరి పనులలో పాలుపంచుకొమ్మని పిలుపు వస్తుంది. అది గ్రామసభ కావచ్చును, వార్డు కమిటీ కావచ్చును, రోడ్డు భద్రత గురించి జరిగే మీటింగు కావచ్చును. కాలిబాట ఎక్కడ వేయవలెను, సైకిలు మీద బడికి వెళ్లే పిల్లలకు దారి ఎట్లా ఇవ్వవలెను, బస్టాండు దగ్గర జనము రోడ్డు ఎట్లా దాటవలెను అనే విషయములు అక్కడ వస్తాయి. మనలను సలహా అడుగుతారు. డబ్బు మన చేతిలో ఉండదు, ఆర్డరు వేసే అధికారము ఉండదు. మన మాట వినవచ్చును, వినకపోవచ్చును. అటువంటి చోట కూర్చున్నవారికి బాధ్యత ఎంతవరకు ఉన్నది? ఈ ప్రశ్నను ఈసారి మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

ఆలోచనకు ఒక ఊరిని ముందుంచుకొందాము. తమిళనాడులోని విరుదునగర్ జిల్లా, వెంబకోట్టై తాలూకాలో ఆలంగుళము ఉన్నది. తెన్‌కాశి జిల్లాలో ఇదే పేరుగల ఊరు వేరు. 1970లో ఇక్కడ ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ మొదలైనది. ఈ ప్రాంతమంతా నల్లరేగడి నేల, వానకు పండే చేలు. తమిళులు దీనిని కరిసల్ సీమ అంటారు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు అగ్గిపెట్టెల పని, టపాకాయల పని ఉన్నది. ఈ సీమలో ఎన్నో ఇళ్లలో నేటికీ తెలుగే ఇంటి భాష. విజయనగర రాజుల కాలములోను, నాయక రాజుల కాలములోను మనవారు దక్షిణమునకు వచ్చి ఈ నేలను సాగు చేసుకొన్నారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామములో తెలుగు ఇంట పుట్టి, తమిళములో గొప్ప రచయితగా పేరుపొందిన కి. రాజనారాయణన్ గారు 2021లో కాలము చేసినారు. 1976లో వచ్చిన ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ ఈ వలస కథనే చెప్తుంది. అట్లా వచ్చిన మన పూర్వులకు కాళ్లే బండి. నడిచేవారి కష్టము మన ఇంటి కథే.

నేడు ఈ సీమలో రోడ్డు అంచున నడిచేది ఎవరు? తెల్లవారుజామున ఫ్యాక్టరీ వ్యాను కొరకు వెళ్లే ఆడవారు. తలమీద మోపుతో చేనినుండి వచ్చే తల్లి. సైకిలు మీద బడికి వెళ్లే పిల్లలు. తమిళనాడు ప్రభుత్వము 2001-02లో షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థినులకు ఉచిత సైకిళ్లు ఇవ్వడము మొదలుపెట్టి, 2005-06 నుండి ఇతర విద్యార్థులకు కూడ ఆ సహాయమును విస్తరించినది. అది మంచి పని. అయితే సైకిలు ఇచ్చినంత మాత్రాన దానిని నడుపుటకు భద్రమైన దారి ఇచ్చినట్లు కాదు. 2022వ సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయినారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారే. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు.

ఇక కమిటీల సంగతి చూద్దాము. తమిళనాడులో గ్రామసభ ఏడాదికి నాలుగుసార్లు జరిగేది. 2022లో దానిని ఆరుసార్లకు పెంచినారు. అక్కడ ఊరి ఓటరు ఎవరైనా లేచి మాట్లాడవచ్చును. జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. ఇటువంటి కమిటీలు ప్రతి జిల్లాలో ఉండవలెనని సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఆదేశించినది. కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ గారు 2012లో వేసిన కేసులోనిదే ఆ ఆదేశము. అమెరికాలో స్థిరపడిన మనవారు అక్కడి నగరములలో, కౌంటీలలో సైకిలు, పాదచారుల సలహా కమిటీలను చూసే ఉంటారు. 1991 నాటి ఫెడరల్ చట్టము ప్రతి రాష్ట్రములోను ఈ పనికి ఒక అధికారిని నియమించవలెనని చెప్పినది. అక్కడ కూడ కమిటీ చెప్పేది సలహాయే. నిర్ణయము కౌన్సిలుది.

ఇక్కడ మనవారు రెండు అభ్యంతరములు చెప్తారు. మొదటిది, “ఇది లోకసంబంధమైన విషయము, మనకెందుకు?” అనేది. 1876-78 నాటి మహా కరవులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వించే కంట్రాక్టును తీసుకొన్నారు. ఆకలితో ఉన్నవారికి కూలి దొరకవలెనని ఆయన కొలత గొలుసులు, మట్టి లెక్కలు పట్టుకొన్నారు. ఆయనకు సర్వే పని తెలిసి ఉండుట అక్కడ ఉపయోగపడినది. ఆ మట్టి పనిని ఆయన తక్కువగా చూడలేదు. మనము కాలిబాట పనిని తక్కువగా చూడవలసిన అవసరము లేదు.

రెండవ అభ్యంతరము గట్టిది. “వినని చోట మాట్లాడి ఏమి లాభము? సంతకమునకు తప్ప మనము ఎందుకు?” అంటారు. దీనికి జవాబు చెప్పకముందు, ఆ గదిలో లేనివారు ఎవరో చూడవలెను. మీటింగుకు వచ్చేవారు ఎక్కువమంది జీపులోనో, కారులోనో, మోటారుసైకిలు మీదనో వస్తారు. రోడ్డును వారు చూసేది సీటులో కూర్చొని. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిని తీసుకోండి. దానిలో ఒక పక్క రెండు లేన్ల వెడల్పు సుమారు 7 మీటర్లు. ఆరోగ్యవంతుడు సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు అనుకొంటే, అది దాటుటకు ఆరు సెకన్లు చాలును. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చే బండి ఆ ఆరు సెకన్లలో 130 మీటర్లు వచ్చేస్తుంది. తలమీద బరువుతో ఉన్న ముసలి అవ్వ సెకనుకు 0.8 మీటరు నడిస్తే దాదాపు తొమ్మిది సెకన్లు పడుతుంది. అంతలో బండి దాదాపు 200 మీటర్లు వస్తుంది. అంటే ఆమె అడుగు వేసేటప్పుడు దూరాన చుక్కలాగ కనిపించిన లారీ, ఆమె అవతలి అంచు చేరకముందే మీద పడుతుంది. ఈ లెక్క ఇంజనీరుకు కాగితము మీద తెలుసు. అవ్వకు కాళ్లలో తెలుసు. ఆమె ఆ గదిలో లేదు.

చట్టము తలచుకొంటే లేనివారిని గదిలోకి తేగలదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టము ప్రకారము, పట్టణ కమిటీలో కనీసము నూటికి నలభై మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండవలెను, వారిలో మూడవ వంతు స్త్రీలు ఉండవలెను. నడిచేవారికి అట్లా చట్టము కేటాయించిన కుర్చీ లేదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించే హక్కులో భాగమని చెప్పినది. హక్కు ఉన్నది, కుర్చీ లేదు. కాబట్టి ఆ గదిలో మనకు దొరికిన కుర్చీ, న్యాయముగా చూస్తే, ఆ అవ్వదే. మనము దానిలో ఆమె బదులు కూర్చున్నాము.

మా మనవి యంతయు ఈ మాట మీదనే నిలిచి ఉన్నది. అధికారము లేనివానికి బాధ్యత లేదనుకొనుట పొరపాటు. అధికారి తప్పు చేస్తే పైన అడిగేవారు ఉంటారు. సలహాదారుని అడిగేవారు ఎవరును లేరు, కాబట్టి తన్ను తానే అడుగుకొనవలెను. నేను ఎవరి మాట చెప్పుచున్నాను? వారిని అడిగి చెప్పుచున్నానా, ఊహించి చెప్పుచున్నానా?

అడుగుట వలన ఏమి జరుగుతుందో పుదుక్కోట్టై జిల్లా చూపినది. 1990ల మొదటి సంవత్సరములలో అక్కడ అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమము నడిచినది. కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు చదువుతోబాటు స్త్రీలకు సైకిలు నేర్పుటను కూడ ఆ కార్యక్రమములో చేర్చినారు. పల్లె స్త్రీలు మొదట ఎగతాళిని భరించినారు. తరువాత లక్షకు పైగా స్త్రీలు నేర్చుకొన్నారు. నీళ్లకు, బడికి, సంతకు, పనికి వెళ్లుటకు ఇక వారు బస్సు కొరకో, ఇంటి మగవారి కొరకో ఎదురుచూడవలసిన పని లేకపోయినది. స్త్రీ దినములో ఎంత భాగము నడకకే పోతుందో ఎవరో గమనించినందువలన ఇది సాధ్యమైనది.

అయితే సలహా చెప్పుట అన్నివేళలా సులభము కాదు. బస్టాండు దగ్గర కాలిబాట కావాలంటాము. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి సూచనల ప్రకారము కాలిబాటలో నడకకు కనీసము 1.8 మీటర్లు ఖాళీగా ఉండవలెను. ఆ 1.8 మీటర్లలోనే పూలు అమ్మే ఆమె గంప ఉన్నది, టీ కొట్టు బల్ల ఉన్నది. నడిచేవాడును పేదవాడే, అమ్మేవాడును పేదవాడే. ఒకరికి మేలు చేయబోయి మరొకరి అన్నము తీయవచ్చునా? ఇక్కడ మేము ఒక కొలత చెప్పగలము. మన సలహా వలన నష్టము ఎవరికో ముందుగా పేరు పెట్టి చెప్పవలెను. ఆ నష్టము మోయగలిగినవారి మీద పెట్టవలెను. ఊరి నడుమ అయిదు కిలోమీటర్ల దూరమును గంటకు 60 కిలోమీటర్ల బదులు 40తో వెళ్తే బండివానికి పోయేది రెండున్నర నిమిషములు. బండి తగిలే వేగము 50 నుండి 65కు పెరిగితే నడిచేవాడు చనిపోయే అపాయము నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రెండున్నర నిమిషములు మోయదగిన బరువు. గంప ఎత్తివేయబడిన ఆమె బరువు అట్టిది కాదు. ఆమెను జరపవలసివస్తే, ఎక్కడికి జరుగుతావమ్మా అని ఆమెనే ముందు అడగవలెను.

ఈ పనికి మనకు తగిన అలవాటు ఒకటి ఉన్నది. మన సంఘ కూటములలో చదువుకొన్నవానికి ఒక ఓటు, కూలివానికి ఒక ఓటు. వెనుక బెంచీ మీద కూర్చున్న విధవరాలి మాట కూడ లెక్కలోకి వస్తుంది. మరొక అనుభవము వలసవారిగా వచ్చినది. ఇంటిలో తెలుగు, ఆఫీసులో మరొక భాష ఉన్నచోట, మన గురించి మన ఎదుటనే ఇతరులు మాట్లాడుకొనుట ఎట్లుంటుందో మనకు తెలుసు. ఆ బాధ ఎరిగినవారము మరొకరికి అది చేయకూడదు. గ్రామసభలో భాష రాక మౌనముగా నిలబడిన అత్తమ్మ మాటను తమిళములో చెప్పగలిగిన కోడలు కూడ సలహాదారే.

ఇక, విననిచోట ఉండవలెనా, లేవవలెనా? మన మాట మినిట్సు పుస్తకములో వ్రాయబడుచున్నంతవరకు ఉండవలెనని మా అభిప్రాయము. ఈ ఏడు త్రోసివేసిన మాటను మూడేండ్ల తరువాత వచ్చిన మరొక అధికారి ఆ పుస్తకములో చదువవచ్చును. అయితే వ్రాయుటకు కూడ నిరాకరించి, “ప్రజలను అడిగినాము” అని చెప్పుకొనుటకు మాత్రమే మన సంతకమును వాడుకొనే రోజు వస్తే, ఆనాడు ఉండుట అబద్ధమునకు సాక్ష్యమిచ్చుట అవుతుంది. అప్పుడు కారణము వ్రాసియిచ్చి లేచిపోవలెను.

కాబట్టి ప్రియులారా, ఇటువంటి పిలుపు మీకు వచ్చినప్పుడు ఒక చిన్న పని చేయండి. మీటింగుకు ముందు వారములో ఒకరోజు, ఏ రోడ్డు గురించి మాట్లాడబోతున్నారో ఆ రోడ్డు మీద, పొద్దున పిల్లలు బడికి వెళ్లే వేళ, ఈ చివరినుండి ఆ చివరివరకు నడవండి. దారిలో కలిసినవారిని ఎక్కడ భయమేస్తుందో అడగండి. వారు చెప్పినది వారి మాటలలోనే కాగితము మీద వ్రాసుకొని వెళ్లండి.