ఎవరి మలినము ఎవరు మోయవలెను?

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 23:12–14



ఈ వచనములను ప్రసంగవేదికమీద చదువుటకు అనేకులు సిగ్గుపడుదురు. యుద్ధమునకు బయలుదేరిన ఇశ్రాయేలీయులు పాళెము వెలుపల ఒక చోటు ఏర్పరచుకొనవలెననియు, త్రవ్వుటకు పనిముట్టు వెంట నుంచుకొని బహిర్భూమికి పోయినవాడే దానిని మన్నుతో కప్పవలెననియు మోషే ఆజ్ఞాపించెను. ఇందుకు చెప్పబడిన కారణము రోగభయము కాదు. దేవుడు వారి పాళెములో సంచరించుచున్నాడు; గనుక పాళెము పరిశుద్ధముగా నుండవలెను.

ఇందులో మేము చాలకాలము గమనింపని సంగతి యొకటి కలదు. ఆ సైన్యములో అధిపతులుండిరి, సామాన్యులుండిరి. అయినను ఒకరి మలినమును కప్పుటకు వేరొక జనమును దేవుడు నియమింపలేదు. ఎవరి పని వారిదే.

ఈ సత్యము మాకు పుస్తకములవలన బోధపడలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట కనిగిరిలో మేము కాపురమున్న యింటి సెప్టిక్ ట్యాంకు నిండి పొంగెను. కబురుచేయగా ఇద్దరు వచ్చిరి. ఒకడు నడుమునకు త్రాడు కట్టుకొని బకెట్టుతో లోపలికి దిగెను. మేము ముక్కునకు తువ్వాలు అడ్డము పెట్టుకొని దూరముగా నిలిచితిమి. అడిగిన కూలికంటె కొంత హెచ్చుగా నిచ్చి, ధర్మము చేసితిమని తలంచితిమి. ఆదివారము ప్రభురాత్రి భోజన సమయమున ఆ మనిషే వెనుక వరుసలోనుండి వచ్చి పాత్రకొరకు చేయి చాపెను. అతని పేరైనను మేము అడిగియుండలేదు.

తరువాత అతని యింటికి వెళ్లితిమి. వానలు లేక పల్లె విడిచి వచ్చిన కుటుంబము. మురుగుకాలువ ప్రక్కన పట్టాలు కప్పిన పాక. మన మరుగుదొడ్డిని బాగుచేయువానికి మరుగుదొడ్డి లేదు. అతని భార్య చీకటిపడువరకు ఓర్చుకొని కూర్చుండవలెను.

ఇది ఆ యొక్క కుటుంబము కథ కాదు. పల్లెలో పొలము గట్లుండెను, చెట్ల మరుగుండెను. పట్టణము పెరిగినకొలది ఆ మరుగు పోయినది. మన ప్రాంతమునుండి హైదరాబాదుకును బెంగుళూరుకును పోయి మేడలు కట్టువారు, అవి పూర్తియగువరకు రేకుల షెడ్లలో కాపురముందురు. పూర్తియైన తరువాత ఆ గుమ్మము త్రొక్కనైన త్రొక్కరు. పొరుగువానిచేత ఊరక పని చేయించుకొని అన్యాయముగా ఇల్లు కట్టించుకొనువానికి యిర్మీయా 22వ అధ్యాయములో ఏమి శ్రమ ప్రకటింపబడెనో చదివి చూడుడు.

2020 డిసెంబరు 25న, క్రిస్మసు దినముననే, రాష్ట్ర ప్రభుత్వము పేదలకు ఇండ్ల స్థలముల పట్టాలు పంచుట ప్రారంభించెను: పల్లెలో సెంటున్నర, పట్టణములో ఒక సెంటు. సత్రములో స్థలము దొరకని కుటుంబమును స్మరించు దినమున అది చిన్న కార్యము కాదు. అయితే సెంటనగా 48 గజములకు కొంచెము పైన. అందులో ఇల్లు, మెట్లు, స్నానపుగది పోగా మిగులునదెంత? రెండు గుంటల మరుగుదొడ్డికి చోటున్నచో, ఒకటి నిండినప్పుడు రెండవదానికి మరలించి, మొదటిదానిని ఏడాదికి తక్కువ కాకుండ మూసియుంచిన అది ఎరువగును. ఎవరైనను త్రవ్వి తీయవచ్చును. చోటు లేనప్పుడు మెట్ల క్రింద ఒక్క ట్యాంకే గతి. అది నిండిన దినమున మరల ఎవరో ఒకరు దిగవలెను. మరియు బోరునీటిలో ఫ్లోరైడు దోషముండి మంచినీరు కొని త్రాగు మన ప్రాంతములో, వేసవిలో మరుగుదొడ్డికి పోయుటకు నీరెక్కడిది? స్థలము, నీరు, మురుగుకాలువ మూడును కలిసిననే ఇల్లు.

నాగరికత పెరిగిన ఈ దుస్థితి తానే పోవునని కొందరందురు. కోలారు బంగారు గనులకు శివసముద్రమునుండి 1902లోనే విద్యుచ్ఛక్తి వచ్చెను. అట్టి పట్టణములోనే, దాదాపు ఒక శతాబ్దము గడచినను, నీళ్లులేని పాయిఖానాలను మనుష్యులు చేతులతో ఎత్తుచుండిరి. అక్కడి తెలుగు క్రైస్తవ కుటుంబములో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ గారి తలిదండ్రులు ఆ పని చేసినవారే. ఆ పాకీపనిని మాన్పించుటకై ఆయన తన జీవితమును ధారపోసి, 2016లో మెగసెసే పురస్కారము పొందెను. విద్యుద్దీపము వెలిగినంత మాత్రమున హృదయము వెలుగదు.

వారు ఇష్టపడియే వచ్చుచున్నారు, మేము కూలి ఇచ్చుచున్నాము అని చెప్పుదుము. వేరొక పని యిచ్చువాడు లేనప్పుడు ఇష్టమెక్కడిది? ఆ ట్యాంకులలోని విషవాయువు క్షణములలో ప్రాణము తీయును. రక్షణ సామగ్రి లేకుండ మనిషిని అందులోనికి దింపుట 2013 చట్టము ప్రకారము శిక్షింపదగిన నేరము. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబమునకు 30 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మేము చేసినది ధర్మము కాదు, నేరము. ఆ త్రాడు తెగలేదు. అది దేవుని కృప, మా మంచితనము కాదు.

గనుక మనము చేయగలిగినది చేయుదము. ఇల్లు కట్టువారు పునాదికి ముందే రెండు గుంటలకు చోటు విడువుడి. ట్యాంకున్నవారు గొట్టముతో తోడు లారీనే పిలిపించుడి. ఖర్చు హెచ్చైనను మనిషిని దింపకుడి. ఆ లారీ తోడినది పొలములలో పారబోయకుండ శుద్ధిచేయు కర్మాగారము వరంగల్లులో 2017లోనే నెలకొనెను. మన పట్టణమునకును అట్టిది కావలెనని సంఘ పెద్దలు అధికారులను అడుగవచ్చును. పట్టా అందని కుటుంబమునకు అర్జీ వ్రాసిపెట్టుట సంఘ పరిచర్యయే.

మన ప్రభువు శిష్యుల పాదములు కడుగునప్పుడు ఆ పనికి మరియొకని పిలువలేదు. తువాలు తానే కట్టుకొనెను. ఆ మనిషి పేరు ఇప్పుడు మాకు తెలియును. అతనికింకను పట్టా రాలేదు. అది వచ్చువరకు ఈ సంగతి మా ప్రార్థనలోనే గాక మా పనిలోను ఉండునట్లు దేవుడు సహాయము చేయునుగాక. ఆమేన్.