పాత రంపాలు, బాగుచేత, బాధ్యత

అమెరికా, కెనడా, జర్మనీ, స్వీడన్ లాంటి దేశాల్లో కొంతమందికి ఒక విచిత్రమైన వ్యాపకం ఉంది. యాభై, అరవై ఏళ్ళ కిందట తయారై, ఏ పాకలోనో తుప్పుపట్టి పడివున్న చైన్ సాలను, అంటే మన ఊళ్ళలో చెట్లు కోసే మిషన్ అని పిలుచుకునే పెట్రోలు రంపాలను, వెతికి కొని తెచ్చుకుంటారు. ముక్క ముక్కగా విప్పి, కడిగి, అరిగిన భాగాలు మార్చి మళ్ళీ నడిచేలా చేస్తారు. అలా బతికి బయటపడ్డ రంపాల్లో చాలావాటికి మళ్ళీ అడవి మొహం చూసే అవసరం రాదు. ఆదివారం పూట ఒకసారి మోగించి, ఆ చప్పుడు విని, తిరిగి అరలో పెడతారు. ఈ వ్యాపకంలో ఉన్నవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళు.

దీని గురించి స్త్రీల పత్రికలో రాయడం ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. నన్ను పట్టుకున్నది రంపం కాదు, ఆ పనికి వాళ్ళు వాడే మాట. 'రిస్టోర్' చేశాం అంటారు. అంటే పూర్వస్థితికి తెచ్చాం అని. ఏ పూర్వస్థితికి? ఆ పూర్వస్థితి అందరికీ మంచిదేనా? పాడైనదాన్ని బాగుచేయడం ఎప్పుడూ మంచిపనే అని మనం నమ్ముతాం. ఈ నమ్మకాన్ని కాస్త విప్పి చూడాలనిపించింది.

ముందు ఆ పనిని గౌరవంగా చూద్దాం. పెట్రోలు బంకులో ఆయిల్ కలిపించుకుని చేతక్ స్కూటర్ నడిపిన తరానికి టూ స్ట్రోక్ ఇంజను కొత్తేమీ కాదు. రంపంలో ఉన్నదీ అదే రకం ఇంజను. పాత రంపం స్టార్ట్ కాకపోతే ముందు మూడు విషయాలు చూస్తారు. ప్లగ్గులో నిప్పురవ్వ వస్తోందా, సిలిండర్‌లో ఒత్తిడి ఉందా, పెట్రోలు లోపలికి చేరుతోందా. నిప్పురవ్వ రాకపోతే ఫ్లైవీల్ విప్పి, దాని కింద నల్లబడ్డ పాయింట్లను గీకి శుభ్రం చేయాలి. కార్బురేటర్‌లో పల్చటి డయాఫ్రం ఏళ్ళ తరబడి ఎండి అట్టలా బిగుసుకుపోయి ఉంటుంది. పెట్రోలు గొట్టం ముట్టుకుంటే విరుగుతుంది. క్రాంక్ దగ్గర రబ్బరు సీళ్ళు గట్టిపడి గాలి పీలుస్తుంటాయి. దాన్ని గమనించకుండా నడిపితే లోపలికి గాలి ఎక్కువై, నూనె కలిసిన పెట్రోలు తక్కువై, పిస్టన్ వేడెక్కి గీతలు పడిపోతుంది. చివరికి ఒక్కో పంటినీ గుండ్రటి ఆకురాయితో, ఒకే కోణంలో, ఒకే లెక్కతో అరగదీయాలి. ఇదంతా ఓపిక, వినికిడి, స్పర్శ కావలసిన పని. పారేసి కొత్తది కొనుక్కో అని చెప్పే మార్కెట్టుకి ఎదురు నిలిచే పని కూడా.

ఓపిక, వినికిడి, స్పర్శ అనగానే మనకు తట్టేది యంత్రం కాదు, ఇల్లు. చిరిగిన చీరలతో బొంత కుట్టడం, పిల్లవాడి చొక్కాకి మాసిక వేయడం, విరిగిన మాటలను అతికి రెండు కుటుంబాలను మళ్ళీ ఒక పంక్తిలో కూర్చోబెట్టడం, ఇవన్నీ బాగుచేతలే. ఫెమినిస్టు తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్మన్ 2002లో మరమ్మతు మీద ఒక పూర్తి పుస్తకమే రాశారు. మనిషిని 'హోమో రెపారన్స్', అంటే మరమ్మతు చేసే జీవి, అన్నారు. ఇంటిని కూడా ఒక రిపేరు షాపుగా చూడమన్నారు. అలా చూడగానే ఒక సంగతి బయటపడుతుంది. షెడ్డులో మగవాడు చేసే బాగుచేతకు హాబీ అని పేరుంది, పనిముట్ల పెట్టె ఉంది, చూసి మెచ్చుకునే స్నేహితులున్నారు. వంటింట్లో స్త్రీ చేసే బాగుచేతకు పేరే లేదు. అది జరగనప్పుడు మాత్రమే అందరికీ కనిపిస్తుంది.

ఈ తేడా నైపుణ్యంలో లేదు. రఫూ చేసే చేతికి, కార్బురేటర్ సర్దే చేతికి కావలసిన నేర్పు ఒకే జాతిది. తేడా అంతా వదిలేసే స్వేచ్ఛలో ఉంది. రంపం బాగుచేసే మనిషికి విసుగొస్తే గుడ్డ కప్పి వచ్చే నెల చూసుకుంటాడు. ఆ రంపం ఎవరి ఆకలికీ జవాబుదారీ కాదు. పిల్లవాడి చొక్కా, ముసలి అత్తగారి మందులు, అలిగిన భర్త మనసు, వీటిని వచ్చే నెలకు వాయిదా వేయడం కుదరదు. బాగుచేయడంలో ఆనందం ఉంది, నిజమే. కానీ ఆ ఆనందాన్ని ఆనందంగా గుర్తించడానికి 'ఈ రోజు చేయను' అని చెప్పగల వీలుండాలి. కాబట్టి స్త్రీల బాగుచేతను కళ అని పొగడడంతో సరిపోదు. వాళ్ళకు హాబీ అనగలిగే తీరిక దక్కాలి.

ఇక పూర్వస్థితి సంగతికి వద్దాం. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో తయారుచేసిన విద్యుత్ రంపం 48 కిలోల బరువు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని కదలదు. 1959లో అదే కంపెనీ తెచ్చిన కాంట్రా అనే పెట్రోలు రంపం సుమారు 12 కిలోలే. ఒక్కడే మోసుకుని అడవిలోకి వెళ్ళొచ్చు. సేకరించేవాళ్ళకు ఆ కాలపు రంపాలంటే చాలా ఇష్టం. వాటిని బాగుచేసేటప్పుడు ఒరిజినల్ రంగు, ఒరిజినల్ స్టిక్కరు, ఒరిజినల్ హ్యాండిల్ కోసం తపన పడతారు. కానీ ఆ ఒరిజినల్ రంపానికి చైన్ బ్రేకు లేదు, కంపనాన్ని ఆపే రబ్బరు దిమ్మెలు లేవు. బార్ కొన పైభాగం చెక్కకు తగిలితే రంపం ఒక్క ఉదుటున వెనక్కి లేచి మొహం మీదికో మెడ మీదికో వస్తుంది. హస్క్‌వర్నా కంపెనీ కంపనం తగ్గించే ఏర్పాటును రంపంలోనే అమర్చింది 1969లో. ఆటోమేటిక్ చైన్ బ్రేకులు 1970ల్లో గాని రాలేదు. అప్పటిదాకా ఏం జరిగింది?

అప్పటిదాకా ఆ కంపనమంతా మనుషుల చేతుల్లోకి వెళ్ళింది. చలిలో వేళ్ళు తెల్లగా పాలిపోయి, మొద్దుబారి, చివరికి చొక్కా గుండీ కూడా పెట్టుకోలేని స్థితి వచ్చేది. దీన్నే తెల్లవేలు జబ్బు అంటారు. ఈ జబ్బును చాలా ముందుగా చూసి చెప్పినవాళ్ళలో ఒక స్త్రీ ఉన్నారు. డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ సున్నపురాయి కార్మికులను పరీక్షించారు. గాలి సుత్తులు పట్టుకునే చేతులు ఎలా తెల్లబడి చచ్చుబడుతున్నాయో నమోదు చేశారు. మరుసటి ఏడాది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలైన మొదటి స్త్రీ ఆమే. ఆమె అంత స్పష్టంగా చెప్పిన తర్వాత కూడా యాభై ఏళ్ళపాటు అవే చేతుల్లో మరిన్ని కంపించే యంత్రాలు పెట్టారు. బ్రిటన్‌లో ఈ జబ్బు పారిశ్రామిక వ్యాధుల జాబితాలోకి ఎక్కింది 1985లో.

కాబట్టి 'ఉన్నదున్నట్టు' బాగుచేసిన రంపం ఒక ప్రమాదాన్ని కూడా ఉన్నదున్నట్టు బతికించింది. అరలో పెట్టుకుంటే పేచీ లేదు. నడిపితే, ముఖ్యంగా ఇంకొకరి చేతికిచ్చి నడిపిస్తే, అది నీతికి సంబంధించిన విషయమవుతుంది. వస్తువు ప్రామాణికత గొప్పదా, దాన్ని పట్టుకునే చెయ్యి గొప్పదా? నా మటుకు నాకు సందేహం లేదు. కానీ సంప్రదాయాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టాలనే వాదన మన దగ్గర కూడా ఎవరి చేతుల మీద, ఎవరి నడుముల మీద నిలబడిందో తెలిసినవాళ్ళం గనక ఈ ప్రశ్న మనకు ఇట్టే అర్థమవుతుంది.

రంపం చరిత్రలో ఇంకా వెనక్కి వెళితే ఒక స్త్రీ శరీరం కనిపిస్తుంది. చైన్ సాను మొదట కాన్పు కోసం కనిపెట్టారని ఈ మధ్య తరచు వినిపిస్తోంది. వినేవాళ్ళు ఉలిక్కిపడతారు, కొందరు నవ్వుతారు. అందులో సగం నిజముంది. స్కాట్లండ్ వైద్యుడు జాన్ ఐట్కెన్ 1785లో వచ్చిన తన ప్రసూతి శాస్త్ర గ్రంథంలో పళ్ళున్న గొలుసులాంటి ఒక చేతిరంపాన్ని చూపించాడు. బిడ్డ బయటికి రాని కాన్పుల్లో, కటివలయానికి ముందువైపు ఎముకలు కలిసే కీలును కోసి దారి వెడల్పు చేయడం దాని ఉద్దేశం. ఆ శస్త్రచికిత్సనే సింఫిసియాటమీ అంటారు. దాదాపు అదే కాలంలో అలాంటి రంపమే తనకూ తట్టిందన్న గ్లాస్గో వైద్యుడు జేమ్స్ జెఫ్రీ దాన్ని చెడిపోయిన కీళ్ళను తీసెయ్యడానికి ఉద్దేశించాడు. 1830లో జర్మన్ వైద్యుడు బెర్న్‌హార్డ్ హైనె, పిడి తిప్పితే ఒక పట్టీ చుట్టూ గొలుసు తిరిగే ఎముక రంపం చేశాడు. చూడడానికి నేటి చైన్ సాకు దగ్గరగా ఉండేది అదే. అయితే ఆసుపత్రి రంపం నుంచి అడవి రంపం నేరుగా పుట్టిందని చెప్పడం కుదరదు. ఆలోచన ఒకటే, వంశవృక్షం ఒకటి కాదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఉలిక్కిపడేలా చెప్పే కథలో యంత్రం గుర్తుంటుంది, ఆమె గుర్తుండదు. 1777లో పారిస్‌లో జాఁ రెనె సిగో అనే వైద్యుడు బతికున్న స్త్రీ మీద ఈ శస్త్రచికిత్స చేసి తల్లినీ బిడ్డనూ కాపాడాడు. ఆయన వాడింది కత్తి. అంతకుముందు ఆమె నలుగురు బిడ్డలను కాన్పులో పోగొట్టుకుంది. అప్పటికి ఈథరు లేదు, క్లోరోఫాం లేదు. మత్తు మందులు రావడానికి ఇంకో డెబ్భై ఏళ్ళు పడుతుంది. వైద్యుడి గౌరవార్థం పారిస్ వైద్య సంస్థ పతకం వేయించింది. ఆమెకు మాత్రం నడక దెబ్బతింది, మూత్రం ఆగని బాధ మిగిలింది. చరిత్రలో ఆమె పేరు 'మదామ్ సూషో', అంటే సూషో గారి భార్య.

ఇది పద్దెనిమిదో శతాబ్దంతో ముగిసిన కథ కాదు. సిజేరియన్ సురక్షితమైన తర్వాత కూడా ఐర్లండ్‌లో 1940ల నుంచి 1980ల దాకా సుమారు 1,500 మంది స్త్రీలకు ఈ శస్త్రచికిత్స చేశారని అంచనా. తమకు ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పలేదని, అనుమతి అడగలేదని చాలామంది చెప్పారు. ముసలితనంలో సంఘటితమై పోరాడారు. 2014లో ప్రభుత్వం 50,000 నుంచి 1,50,000 యూరోల దాకా చెల్లించే పథకం పెట్టింది, కానీ చట్టపరంగా తప్పు ఒప్పుకోకుండా. డబ్బు వచ్చింది, ఒప్పుకోలు రాలేదు. స్పెల్మన్ క్షమాపణనూ నష్టపరిహారాన్నీ కూడా మరమ్మతు రూపాలుగానే చర్చించారు. ఆ కొలత పెట్టి చూస్తే ఐర్లండ్‌లో జరిగింది పైన రంగు వేయడమే. లోపలి సీళ్ళు అలాగే ఉన్నాయి.

మరి చెట్టు సంగతి? రంపం పాపిష్టిది, గొడ్డలి పవిత్రమైనది అని నేననను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు కూలిన చెట్ల కింద మూసుకుపోయిన రోడ్లను తెరిచింది ఈ రంపాలే. కానీ బ్రెజిల్‌లోని ఆక్రె రాష్ట్రంలో అడవిని పశువుల మేతభూమిగా మార్చడానికి వచ్చింది కూడా ఇవే. అక్కడ 1970ల్లో రబ్బరు పాలు తీసే కుటుంబాలు, స్త్రీలూ పిల్లలూ సహా, చెట్లు కోసే బృందాలకు అడ్డంగా నిలబడ్డాయి. దాన్ని 'ఎంపాచి' అన్నారు. వాళ్ళు ముందుగా చేసిన పని రంపాలు పట్టుకున్న కూలీలతో మాట్లాడడం. మీరూ మాలాంటివాళ్ళే, పని ఆపి వెళ్ళిపోండి అని. ఆ ఉద్యమ నాయకుడు చీకో మెండిస్‌ను 1988 డిసెంబరులో చంపేశారు. ఆయనతో కలిసి నిలబడ్డ మరీనా సిల్వా 2003లోనూ, మళ్ళీ 2023లోనూ ఆ దేశ పర్యావరణ మంత్రి అయ్యారు. యంత్రాన్ని తిట్టకుండా, దాన్ని పట్టుకున్న చేతిని గుర్తించి, పట్టించినవాడిని నిలదీయడం ఆ కుటుంబాల దగ్గర నేర్చుకోవలసిన విషయం.

ఇవన్నీ కలిపి చూస్తే, బాగుచేసేవాళ్ళకు వస్తువు పట్ల మాత్రమే బాధ్యత ఉందనడం చాలదు. ఆ వస్తువు ఎవరి చేతులను మొద్దుబార్చింది, ఎవరి అడవిని తినేసింది, దాని వెనకటి ఆలోచన ఎవరి ఎముకల మీద పరీక్షకు నిలిచింది, ఈ జ్ఞాపకాన్ని కూడా వాళ్ళు మోయాలి. మోయడమంటే వ్యాపకం మానుకోమని కాదు. మరకలన్నీ గీకేసి కొత్తదానిలా మెరిపించడం ఒక్కటే బాగుచేత కాదని ఒప్పుకోవడం. అరిగిన హ్యాండిల్‌ని అరిగినట్టే ఉంచొచ్చు. నడిపేదైతే ఒరిజినల్ కాకపోయినా రక్షణ చేర్చొచ్చు, చేర్చడం కుదరకపోతే అరలోనే ఉంచొచ్చు. చూడవచ్చినవాళ్ళకు గుర్రాల శక్తితో పాటు తెల్లబడ్డ వేళ్ళ గురించి కూడా చెప్పొచ్చు.

మనకూ ఇందులో పని ఉంది. బాగుచేయడం మనకు కొత్త కాదు, కానీ యంత్రం మూత విప్పే హక్కు మనకు చాలాకాలం ఇవ్వలేదు. మిక్సీ చెడితే షాపుకు పంపించడం, స్కూటీ ఆగితే ఎవరైనా అబ్బాయిని పిలవడం మన చేతకానితనం వల్ల జరగడం లేదు. స్క్రూడ్రైవరు ఎవరి చేతికి ఇవ్వాలో చిన్నప్పుడే ఇంట్లో నిర్ణయమైపోయినందువల్ల జరుగుతోంది. ఆ నిర్ణయాన్ని తిరగరాయాలి. అయితే వాళ్ళ షెడ్డులోకి వెళ్ళి వాళ్ళలాగే మెరుగుపెట్టడం మన లక్ష్యం కానక్కర్లేదు. ఏది బాగుచేయాలి, ఎంతవరకు, ఎవరికోసం, దేన్ని పాతగాయంగానే గుర్తుపెట్టుకోవాలి అనే ప్రశ్నలు మన దగ్గర తరతరాలుగా ఉన్నాయి. బొంతలో ఏ చీర ముక్క ఎవరిదో చెప్పగలిగిన స్త్రీలు ఆ ముక్కలను కొత్తగుడ్డ అని ఎన్నడూ నమ్మించలేదు. ఆ ప్రశ్నలను స్క్రూడ్రైవరుతో పాటు షెడ్డులోకి తీసుకెళదాం.