అభిమానము – అంతరాత్మ

ఎన్నికలో ఇరుపక్షముల బలము సరిసమానముగా నున్నపుడు, త్రాసును మ్రొగ్గించు శక్తి చిన్న సమూహముల చేతికి వచ్చును. 2000వ సంవత్సరమున అమెరికా అధ్యక్షపదవి ఫ్లోరిడా రాష్ట్రములోని 537 ఓట్ల తేడాతో తేలెను. మన ధర్మపురి లోకసభ స్థానమున 2024లో గెలుపు 21,300 ఓట్ల తేడాతో తేలెను. పోటీ యిట్లు బిగిసినపుడెల్ల, తరతరములుగా ఇచట కాపురమున్న తెలుగు కుటుంబముల గడపకు ఒక ప్రశ్న వచ్చును: “మీవారందరు ఎవరికి వేయుదురు?” చిన్న సమూహమునకు దక్కిన ఈ పెద్ద శక్తిని ఏ ధర్మము ననుసరించి వినియోగింపవలెను?

ఈ ప్రశ్నను తరచి చూచుటకు 1969 నాటి రాష్ట్రపతి యెన్నిక చక్కని తావు. ఆ యేడు మే 3వ తేదీన జాకీర్ హుస్సేన్‌గారు దివంగతులు కాగా రాష్ట్రపతి పదవి ఖాళీ యయ్యెను. కాంగ్రెసు పక్షము నీలం సంజీవరెడ్డిగారిని నిలిపెను. ఉపరాష్ట్రపతిగా నుండిన వరాహగిరి వేంకటగిరిగారు ఆ పదవికి రాజీనామా యిచ్చి స్వతంత్రముగా నిలిచిరి. రెడ్డిగారు అనంతపురము జిల్లా ఇల్లూరువారు. ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రి. గిరిగారు బరంపురమున జన్మించిన తెలుగువారు. ఆ యూరును, మన యూరివలెనే, నేటి తెలుగు రాష్ట్రముల కావల నున్నది. మూడవ ప్రముఖ అభ్యర్థి చింతామన్ దేశముఖ్‌గారు.

ప్రధాని ఇందిరాగాంధిగారు రెడ్డిగారి నామినేషను పత్రముపై సంతకము చేసియు, పిదప సభ్యులు అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయవలెనని పిలుపు నిచ్చిరి. ఆగస్టు 20న ఓట్లు లెక్కింపగా, మొదటి ప్రాధాన్యమున గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖ్‌గారికి 1,12,769 విలువగల ఓట్లు వచ్చెను. గెలుపునకు కావలసినది 4,18,169. అంతట, వెనుకబడిన అభ్యర్థుల పత్రములపై నున్న తరువాతి ప్రాధాన్యములను లెక్కించిరి. అందు రెడ్డిగారికి 91,879 చేరగా, గిరిగారికి చేరినవి 18,562 మాత్రమే. అయినను ఆ చిన్న భాగమే ఫలితమును తేల్చెను: 4,20,077కు 4,05,427. తేడా 14,650.

ఆనాడు ఓటు వేసిన తెలుగు శాసనసభ్యుని స్థితిని తలపోయుడు. భాషాభిమానము ఆయనకు దారి చూపజాలదు; ఇరువురును తనవారే. అభిమానము మౌనము వహించిన చోట మిగులునవి యోగ్యత, విధానము, దేశమునకు కలుగు మేలు. వీనినే ఆయన తూచి చూడవలెను. కాలము ఆనాటి ఓటరుకు తానై కల్పించిన ఈ పరీక్షను మనము ప్రతి యెన్నికలోను బుద్ధిపూర్వకముగా కల్పించుకొనవచ్చును. అభ్యర్థు లిద్దరును మనవారే యని, లేదా యిద్దరును పరులే యని యెంచుకొందము. అప్పుడెవరిని కోరుదుమో, వారికే మన ఓటు.

అట్లయిన అల్పసంఖ్యాకులకు తమ యవసరములు లేవా? కలవు. మాతృభాషలో ప్రాథమికవిద్యకు రాజ్యాంగములోని 350ఏ అధికరణము అండగా నున్నది. తమిళమును నిర్బంధపాఠముగా జేసిన 2006 నాటి చట్టము మన పిల్లల చదువులను తాకెను. ఓటడుగ వచ్చినవారిని వీనిని గూర్చి నిలదీయుట న్యాయమే. అయితే న్యాయమునకును బేరమునకును ఒక కొలబద్ద కలదు. పొరుగింటి కన్నడ, ఉర్దూ కుటుంబములకును దక్కవలెనని మనస్ఫూర్తిగా కోరగలిగినది న్యాయము. మనకు మాత్రమే దక్కవలె ననునది బేరము.

అంతరాత్మ యను మాటయు ఒక్కొక్కప్పుడు ముసుగగును. తాను సంతకము చేసి నిలిపిన అభ్యర్థికి అండ తొలగించుట మాట తప్పుట కాదా యని 1969లో పలువురు అడిగిరి. ఆ యేడాదియే కాంగ్రెసు చీలెను. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పలికినది అంతరాత్మయో, స్వార్థమో తెలిసికొనుటకు, ఈ నిర్ణయమువలన నాకేమి నష్టమని ఎవరికి వారు అడుగుకొనవలెను. లాభము తప్ప నష్టమేమియు కానరాని చోట మరియొకసారి ఆలోచించుట మంచిది.

మన ధర్మపురికి పూర్వనామము తగడూరు. దాని నేలిన అదియమాన్, దీర్ఘాయువు నొసగు అరుదైన ఉసిరికాయ తన చేతికి రాగా, తాను తినక కవయిత్రి ఔవైయారునకు ఇచ్చెనని ప్రసిద్ధి. ఆమె ఆయన కులము కాదు, చుట్టము కాదు. లోకమునకు మేలు చేయు మనిషి యని మాత్రమే ఆయన చూచెను. త్రాసును మ్రొగ్గించు ఓటు మన చేతికి వచ్చిననాడు, ఈ నేలపై బ్రదుకుచున్న మనము తలచుకొనవలసినది ఆ దానమునే.