తప్పు ఎవరిదని అడిగే ముందు

మా చిన్నాన్నకు క్షయ సోకినప్పుడు ఆరు నెలలు మందు మింగమన్నారు. రెండు నెలలకే దగ్గు తగ్గింది. ఖాళీ కడుపున మాత్ర పడితే వికారం. మందుకోసం కొండ దిగితే ఆ రోజు కూలి పోయేది. మూడో నెలలో మానేశాడు.

కొన్నేళ్ళకు దగ్గులో నెత్తురు పడింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి మొత్తం కుంచించుకుపోయి, గుల్లలు పడి ఉంది. కఫంలో క్రిములు లేవు. రోగం పోయింది, అది చేసిన నాశనం మిగిలింది. అలాంటి గుల్లల్లో చీము చేరుతుంది, బూజు పెరుగుతుంది. నెత్తురు ఆగకపోతే ప్రాణం పోతుంది. ఆపరేషన్ చేసి ఆ ఊపిరితిత్తిని తీసేయాలన్నారు.

“మందు సరిగా మింగి ఉంటే ఇంతదాకా వచ్చేదా?” అన్నారు అక్కడొకరు. చిన్నాన్న తల వంచుకున్నాడు. నేనూ బడిలో అదే చెప్పినవాణ్ణి, మందు మధ్యలో మానేవాడు మూర్ఖుడని.

తప్పు ఆయనది కాదా? కొంత ఆయనదే. ఏ తప్పూ లేదంటే ఆయనకు బుద్ధి లేదన్నట్టే అవుతుంది. కానీ దగ్గు తగ్గినా క్రిములు లోపల మిగిలే ఉంటాయని మా కువి భాషలో ఆయనకు ఎవరు చెప్పారు? చదువుకున్న నేనే చెప్పలేదు. క్షయ రోగుల తిండికని 2018లో నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టిన ప్రభుత్వం తర్వాత దాన్ని 1000 చేసింది. మాత్ర ఒక్కటే చాలదని ఒప్పుకున్నట్టే కదా! అలాంటప్పుడు తప్పు మోసే కావడిని ఒక్క రోగి భుజానే పెట్టడం న్యాయమా?

ఆపరేషన్ చేసే డాక్టరు తప్పు ఎవరిదని అడగలేదు. మిగిలిన ఊపిరితిత్తి బరువు మోయగలదా అని చూశాడు. ఊదించి పరీక్షించాడు, తిని బలం పుంజుకోమన్నాడు. వేరే దారి లేదని తేలాకే కోశాడు. మనం మాత్రం మొదటి రోజే మనిషిని వేరు చేస్తాం. క్రిములే లేని చిన్నాన్నకు ఊళ్ళో కొందరు వేరే గ్లాసు పెట్టారు.

ఇప్పుడు ఆయన ఒక్క ఊపిరితిత్తితో బతుకుతున్నాడు. బరువు ఎత్తలేడు. సంతకు మెల్లగా నడుస్తాడు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, తోటి టీచర్లారా! మీ ఊళ్ళో ఎవరైనా మందు మానేస్తే ఎందుకు మానేశావని గద్దించకండి. ఏం అడ్డొచ్చిందని మన భాషలో అడగండి. ఆ అడ్డు తీయడంలో మన వంతు కూడా ఉంది. నేను ఆ మాట ఆలస్యంగా నేర్చుకున్నాను. దానికి చిన్నాన్న ఒక ఊపిరితిత్తి పోయింది.