స్పానిష్ నేర్చుకునే మనవరాలికి

అమ్మీ,

అనంతపురంలో స్పానిష్ క్లాసులో చేరినావని మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు. సంతోషం. 1969లో స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి కరువు పల్లెల్లో పని మొదలుపెట్టినప్పటి నుంచి స్పెయిన్ మన సీమకు పరాయి దేశం కాకుండా పోయింది. ఆయన 2009లో కన్నుమూసినా, ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ పల్లె పిల్లలకు అనంతపురంలో విదేశీ భాషల బడి నడుపుతోంది. మన ఆలూరు పిల్లకు స్పానిష్ ఎందుకని ఎవరన్నా అంటే జవాబు చెప్పే పని పెట్టుకోవద్దు.

నువ్వు పంపిన అభ్యాసాల ఫోటోలు, వెనక జవాబుల పేజీ పక్కన పెట్టుకుని చూసినాను. మాట్లాడటం అనే క్రియను 'అబ్లో, అబ్లాస్, అబ్లా' అని వరసగా అడిగిన చోట ఒక్క తప్పూ లేదు. నేను, వాళ్లు, మనం అని కలగాపులగంగా ఇచ్చిన చోట తడబడినావు. పదహారో ఎక్కం గడగడా ఒప్పజెప్పేవాణ్ని ఏడు పదహార్లెంతరా అని అడిగితే మొదటి నుంచి ఎత్తుకున్నట్టుంది. పట్టిక చదవడం ఇక చాలు. క్రియలు కొన్ని చీటీల మీద, కర్తలు కొన్ని చీటీల మీద రాసి, చేతికొచ్చినవి రెండు తీసి వాక్యం కట్టు. నాలుగు జవాబుల్లో ఒకటి ఏరుకునే అభ్యాసాలు ఫోన్‌లో సరదాగానే ఉంటాయి, వాటితో నోరు తిరగదు. జవాబు చేత్తో మూసి ముందు నువ్వు రాయి. తప్పిన వాటిని మర్నాడొకసారి, వారం పోయినాక ఇంకోసారి చెయ్యి.

'గుస్తార్' దగ్గర చేసిన తప్పు మాత్రం ఇంగ్లీషు మీదుగా పోయి చేసిందే. 'ఐ లైక్' అనుకుని 'యో గుస్తో' అని రాసినావు. మనం ఏమంటాం? నాకు పుస్తకం నచ్చుతుంది, నాకు పుస్తకాలు నచ్చుతాయి. వాళ్లదీ అదే కట్టు: 'మే గుస్తా ఎల్ లీబ్రో', 'మే గుస్తాన్ లోస్ లీబ్రోస్'. నచ్చిన వస్తువును బట్టే క్రియ మారుతుంది. 'వస్తాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు కదా. వాళ్లకూ 'వెంగో' అంటే చాలు. వాళ్ల త, ద కూడా ఇంగ్లీషు ట, డ కాదు, మన పలుకే.

అట్లని అన్ని చోట్లా తెలుగును నమ్ముకోకు. మర్యాదకు వాడే 'ఉస్తెద్' పక్కన మన 'మీరు'కు మల్లే బహువచనం రాదు, అతడు, ఆమెలకు వాడే 'అబ్లా'నే వస్తుంది. వాళ్ల భాషలో బల్లకూ చేతికీ కూడా లింగం ఉంది, మగమాట ముందు 'ఎల్', ఆడమాట ముందు 'లా' వస్తుంది. చెయ్యి అనే 'మానో' చివర ఓకారం చూసి మగమాట అనుకుంటావు, అది 'లా మానో'. రోజు అనే 'దీయా' ఆకారంతో ముగిసినా 'ఎల్ దీయా'. ఏ మాటనూ ఒంటిగా రాసుకోవద్దు, ముందున్న ఎల్, లా తోనే రాసుకో.

నీకు కన్నడం ఏ పుస్తకమూ నేర్పలేదు. బళ్లారి చుట్టాలు, ఆదోని మార్కెట్‌లో మాటలు నేర్పినాయి. అందుకే భాష దానంతట అదే వస్తుందని నీకొక ధీమా. స్పానిష్‌కు ఆలూరులో చుట్టమూ లేదు, అంగడీ లేదు. సెలవులకు ఇంటికొస్తే నీ తప్పు దిద్దే నోరు ఇక్కడ ఉండదు, నీ నోట్‌బుక్కే ఉంటుంది.

ఆ నోట్‌బుక్‌లో మాద్రిద్ మెట్రో, కాఫీ హోటళ్లే ఎందుకు? మన ఉల్లిగడ్డల రేటు రాయి, పత్తి తూకం రాయి. భూతకాలాలు రెండున్నాయని భయపడినావంట. దేవరగట్టు బన్ని ఉత్సవం పెట్టుకుని చూడు. మొన్న దసరా రాత్రి జనం కర్రలతో కొండెక్కినారు: 'సుబియేరోన్'. మా చిన్నప్పుడు ఏటేటా ఎక్కేవాళ్లు: 'సుబీయాన్'. ఆ తేడా నీ నోట్లో ఎప్పటి నుంచో ఉంది. బన్ని మీద రెండు రకాలూ కలిపి ఒక పేజీ రాసి, మీ టీచరుతో దిద్దించి, ఎర్ర గీతలతో సహా నాకు పంపు.