ఎవరి కోసం ఆ కబురు?

మా చింతాద్రిపేట 1734లో కుంఫిణీవారు నేతగాళ్ల కోసం వేయించిన పేట. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట, అని ఆ పేరుకు అర్థం చెబుతారు. మగ్గాలు పోయినా, ఇక్కడి తెలుగువాళ్లం పత్తి గురించి నాలుగు మాటలు అనుకోవచ్చు కదా!

పత్తి మొక్కను పురుగు కొరికితే, కొన్ని గంటల్లో ఆ మొక్క ఒక ప్రత్యేకమైన వాసన విడుస్తుంది. పురుగు ముట్టని ఆకులు కూడా విడుస్తాయి. ఆ వాసన పట్టుకుని సన్నని కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి. పిల్లలు దాన్ని లోపలినుంచి తినేస్తాయి. మొక్కజొన్నపై 1990లో అమెరికాలో చేసిన పరిశోధన ఇంకా చిత్రం: ఉత్త గాయం చాలదు, అందులో పురుగు నోటి ద్రవం పడితేనే ఆ కబురు గట్టిగా వెళుతుంది. అంతకు ముందు 1983లో బాల్డ్విన్, షుల్జ్ అనే ఇద్దరు, దెబ్బతిన్న మొక్కల పక్కనున్నవి కూడా ఆకుల్లో రక్షక రసాయనాలు పెంచుకుంటాయని రాశారు. చెట్లు మాట్లాడుకుంటున్నాయని పత్రికలు సంబరపడ్డాయి.

మరి ఇది పరోపకారమేనా? నేను కామర్సు చదివినవాణ్ణి, ఏది చూసినా ఎవరి ఖాతాలో జమ అని అడగడం అలవాటు. ఆ వాసన ముఖ్యంగా తన కొమ్మలకే హెచ్చరిక అని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పక్క మొక్క దాన్ని పక్కింటి రేడియోలో వార్తలు విన్నట్టు వింటుంది. ఇచ్చే ఉద్దేశం లేని ఉపకారానికి పుచ్చుకున్నవాడు ఋణపడతాడా? పడతాడనే నేనంటాను. లేకపోతే మన పెద్దల్లో సగంమందికి మనం ఏమీ బాకీ లేనట్టే. అయితే గాలిలో వదిలిన కబురుకు కాపలా ఉండదు. బంగారుతీగ టమాటా మొక్కను దాని వాసనతోనే వెతుక్కుని చుట్టుకుంటుందని 2006లో తేలింది.

ఇక మనిషి సంగతి. ఆడ రెక్కపురుగు వాసనను తయారుచేసి, పత్తి చేలో లింగాకర్షక బుట్టలు పెడతాడు. మగవి నమ్మి వచ్చి పడతాయి. దొంగ సంతకాలు పట్టుకోవడమే ఉద్యోగంగా బతికిన నాకు ఇది అచ్చంగా ఫోర్జరీ. అయినా ఈ ఫోర్జరీని నేను పాస్ చేస్తాను. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పురుగుపాలై, ఎంత మందు కొట్టినా పురుగు చావక, అప్పులు మిగిలిన రైతులు ఎందరో ఆ పురుగుమందే తాగి చనిపోయారు. అబద్ధం ఆ జాతి పురుగునే పిలుస్తుంది. విషం కందిరీగనూ వదలదు. పైగా బుట్టలో పడినవాటిని లెక్కపెట్టి, పురుగు ఉద్ధృతి చూసి, అవసరమైతేనే మందు కొట్టవచ్చు. మందు అప్పు పద్దులోకి ఎక్కకముందే ఆ లెక్క రైతు చేతిలో ఉంటుంది.